బొమ్మ కింద బంగారు గీత

పోయిన ఫిబ్రవరిలో మా నాన్న బుల్లెట్ నుంచి టూల్ బాక్స్ ఊడదీసి, రేణిగుంట రోడ్డులో ఒక పెయింటింగ్ షెడ్డులో ఇచ్చాను. దాని మీద ఎప్పుడో రాయించిన చిన్న పద్మం పొట్టు లేచిపోయి, సగం రేకులే మిగిలి ఉన్నాయి. "ఈ బొమ్మ ఒక్కటి తీసెయ్యండి, కింద కంపెనీ నలుపు అట్లే ఉండాలి" అని రెండుసార్లు చెప్పాను. సరే సార్ అన్నారు. రెండో రోజు సాయంత్రం వెళితే అద్దంలా మెరిసే పెట్టె చేతిలో పెట్టారు. నా మొహం కనిపిస్తోంది అందులో. చుట్టూ బంగారు గీత ఉండాల్సిన చోట బంగారు రంగు స్టిక్కర్ అతికించి ఉంది.

"రిమూవర్ వేసి రేకు దాకా లాగేశాం సార్. లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, పీయూ పెయింట్ వేశాం. పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు కుర్రాడు. మంచి పని చేశానన్న సంతోషం వాడి మొహంలో ఉంది. నిజానికి పనిలో వంక పెట్టడానికేమీ లేదు. నేను అడిగిన పని అది కాదు, అంతే. ఇంటికి తెచ్చి బిగించి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూశాను. ఆ పెట్టె ఒక్కటి ఎవరి బండి నుంచో తెచ్చి తగిలించినట్టుంది.

ట్యాంకు ఇంకా నా దగ్గరే ఉంది. అసలు బొమ్మలన్నీ దాని మీదే ఉన్నాయి. దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకూడదని ఆ రాత్రే అనుకున్నాను. ఆ తర్వాత నాలుగు నెలలు నేను చేసిన పని గురించి, చేస్తూ నాలో నేను వాదించుకున్న వాదన గురించి రాయాలనిపించి ఇది మొదలుపెట్టాను. నా మాట ఇదీ: పాత బండి మీద రాయించుకున్న బొమ్మ పాడైతే దాన్ని తీసెయ్యడం తప్పు కాదు. కానీ తీసే చెయ్యి ఆ బొమ్మ దగ్గరే ఆగాలి. దాని కిందున్న అసలు రంగును కూడా ఊడ్చుకుపోయే హక్కు మనకు లేదు, అది మన సొంత బండే అయినా సరే.

ఇంత చిన్న విషయానికి హక్కుల దాకా వెళ్లాలా అంటారని తెలుసు. మా తమ్ముడు కూడా అదే అన్నాడు.

బండి 1986ది. బుల్లెట్ 350, నలుపు. అప్పటికి కంపెనీ పేరు ఎన్‌ఫీల్డ్ ఇండియా. మద్రాసులో తిరువొత్తియూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి. నాన్న దాన్ని 11 ఏళ్లు ఉన్నదున్నట్టే నడిపాడు. 1997 వేసవిలో మాత్రం ఏమనిపించిందో, లీలామహల్ సర్కిల్ దగ్గర బోర్డులు రాసే తన స్నేహితుడి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన్ని మేం పెయింటర్ మామ అంటాం. ట్యాంకు పక్కలకుండే మోకాలి రబ్బర్లు తీసేసి, ఎడమ పక్క తిరునామం, అటూ ఇటూ శంఖు చక్రాలు, కుడి పక్క రెక్కలు చాచిన గరుత్మంతుణ్ణి రాశాడాయన. నాకప్పుడు పన్నెండేళ్లు. గరుత్మంతుడి ముక్కుకు పసుపు, ఎరుపు కలిపి ఒక్క విసురులో లాగడం నేను పక్కన నిలబడి చూశాను. ఊపిరి బిగబట్టి చూశానని ఇప్పటికీ గుర్తుంది.

ఆ బొమ్మల మీద మొదటి దెబ్బ పెట్రోలుది. బండి సైడ్ స్టాండు మీద ఎడమకు ఒరిగి ఉంటుంది. బంకులో నిండా కొట్టించిన ప్రతిసారీ నాలుగు చుక్కలు మూత అంచు నుంచి ఎడమ పక్కకే జారతాయి. ఏళ్ల తరబడి అలా జారి జారి చక్రం పైభాగం మెత్తబడి ముడతలు పడింది, తర్వాత రాలింది. కుడి పక్క గరుత్మంతుణ్ణి నాన్న మోకాలు అరగదీసింది. మిగతాది తిరుపతి ఎండ చూసుకుంది. నాన్న 2021లో పోయేనాటికి నామంలో తెలుపు గోధుమ రంగుకు తిరిగింది, చక్రం ముప్పావు వంతు లేదు, గరుత్మంతుడికి ఒక రెక్క, సగం కిరీటం మిగిలాయి. పొట్టు లేచిన చోట్ల నీళ్లు దిగడం మొదలైంది. ఇంకో రెండు వానాకాలాలు వదిలేస్తే రేకుకు తుప్పు పట్టేది. నేను ఈ పనికి దిగడానికి పెద్ద కారణం అదే.

నామాన్ని ఎలా రుద్దుతావు?

మొదటి అడ్డు మా అమ్మ.

"నామాన్ని ఎమరీ పేపరుతో రుద్దుతావా నాయనా?" అంది. కోపంగా కూడా కాదు, నమ్మలేనట్టు. తిరుపతిలో ఆ మాట తేలిగ్గా తీసుకోలేం. గుమ్మం మీద, లారీ నుదుటి మీద, టీ కొట్టు అద్దం మీద, చివరికి కొండ మీద రాత్రిపూట దీపాల్లో కూడా ఆ మూడు గీతలే చూస్తూ పెరిగినవాళ్లం. పెయింటని తెలిసినా చెయ్యి ఆడదు.

నేను రెండు వారాలు ఏమీ చెయ్యలేదు. అమ్మతో వాదించలేదు కూడా. అయితే అమ్మకు ఆ బొమ్మతో మొదటి నుంచీ ఒక ఇబ్బంది ఉండేది. ఆమే గుర్తు చేసింది. "ఎక్కినప్పుడు తొడ తగులుతుంది, అక్కడ స్వామి నామం ఏమిటి అని మీ నాయనతో ఆనాడే చెప్పినా" అంది. పగిలిన పటం ఇంట్లో గోడకు ఉంచుకోం, తీసుకెళ్లి పారే నీళ్లలో కలుపుతాం. చక్రం సగం రాలిన బొమ్మ గురించి ఆలోచిస్తే అదీ అంతేనని ఆమెకే అనిపించింది. చివరికి దారి కూడా ఆమే చెప్పింది. 2018 ఆగస్టులో కొండ మీద మహాసంప్రోక్షణం జరిగినప్పుడు టీవీ ముందు కూర్చుని చూసింది. పన్నెండేళ్లకోసారి జరిగేది. స్వామి శక్తిని కుంభంలోకి తెచ్చి, తాత్కాలికంగా ఏర్పాటు చేసే బాలాలయంలో ఉంచి, గర్భాలయంలో మరమ్మతులు చేసుకుంటారు. "అంతటి స్వామే పని కోసం పక్కకు జరిగి కూర్చుంటే, మన బండి మీద నామానికి ఏముంది" అని, ఒక శుక్రవారం రాగి చెంబులో నీళ్లు పోసి, పసుపు కుంకుమ వేసి, ట్యాంకు పక్కన పెట్టి దండం పెట్టుకుంది. ఆ నీళ్లు తులసి కోటలో పోశాక "ఇంక నీ పని నువ్వు చేసుకో" అంది.

ఇది ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, పాడైన దాన్ని తీసెయ్యడం అగౌరవం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మన ఊళ్లో ప్రతి మే నెలలో జరిగే గంగజాతర చూడండి. జనం రోజుకో వేషం కడతారు. బైరాగి వేషానికి ఒళ్లంతా నామం కొమ్ము, అంటే నామాలు పెట్టుకునే తెల్ల సుద్ద, పూసుకుంటారు, మర్నాటి వేషానికి అది కడిగేసి కుంకుమ, ఇంకోనాటికి బొగ్గు. ఆఖరున గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం నిలబెడతారు. తెల్లవారేసరికి ఆ రూపం చెంప నరికి ఆ మట్టిని పంచుతారు. జనం దానికోసం ఎగబడతారు. చేసిన రూపాన్ని మనమే తీసెయ్యడం మనకు కొత్తేమీ కాదు. తీసే పద్ధతి ఒకటుంటుంది, అంతే.

పెయింటర్ మామ

నాకు అమ్మ అనుమతి కంటే కష్టమనిపించింది ఇంకోటుంది. ఆ బొమ్మ రాసిన మనిషి ఇంకా ఉన్నాడు. కొర్లగుంటలో కొడుకు దగ్గర ఉంటాడు. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డుల పని పోయింది. కొన్నాళ్లు స్కూలు గోడల మీద భారతదేశం మ్యాపులు రాశాడు, ఆ తర్వాత అదీ మానేశాడు. తిరుపతి బజారులో ఆయన చేతిరాత ఒక్క బోర్డు కూడా ఇప్పుడు కనిపించదు. నాకు తెలిసి మిగిలింది మా బండి మీదున్నదే. దాన్ని చెరిపేస్తానని వెళ్లి ఆయన మొహం మీద ఎట్లా చెప్పాలి?

బొమ్మ కూడా చరిత్రే కదా అన్నది ఈ మొత్తం విషయంలో నేను చాలా భయపడిన ప్రశ్న. 1986 నాటి రంగు అసలైనది, 1997 నాటి రంగు కాదు అని ఎవరు తేల్చారు? ఫ్యాక్టరీ నలుపు వేలాది బండ్ల మీద ఉంటుంది. ఈ గరుత్మంతుడు మా బండి మీదే ఉన్నాడు. నాన్న ఇష్టపడి రాయించుకున్నది ఇది. అలా చూస్తే నలుపును గీకి బొమ్మను కాపాడాలి గానీ బొమ్మను గీకి నలుపును కాపాడడమేమిటి? ఈ ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబు ఇప్పటికీ లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. బొమ్మ నిండుగా ఉండి ఉంటే నేను దాన్ని ముట్టుకునేవాణ్ని కాదు. మరకలు పడ్డా, రంగు వెలిసినా ఊరుకునేవాణ్ని. ముప్పావు వంతు పోయాక మిగిలింది ఆయన రాసిన బొమ్మ కాదు. కొత్తగా ఎవరి చేతనో పూర్తి చేయిస్తే అదీ ఆయనది కాదు. అప్పుడు రెండూ పోతాయి, కింద ఉన్నదీ, పైన ఉన్నదీ.

ఫోన్లో ఫొటోలు తీసుకుని వెళ్లాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసి, ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇదేం గరుడ అల్లుడూ, కాకి మాదిరి ఉండాదే" అన్నాడు. నేను విషయం చెప్పాను. బాధపడతాడనుకున్నాను. ఆయన వెంటనే పనిలోకి దిగిపోయాడు. "సింథటిక్ ఎనామిల్ అది. పైన వార్నీషు ఒక కోటు. వెయ్యక ముందు నలుపు మీద ఎమరీతో ఒక చెయ్యి రుద్దినా, లేకపోతే పట్టదు గదా" అన్నాడు. మళ్లీ ఏదో గుర్తు తెచ్చుకుని, "గీత మీద మాత్రం రుద్దలా. మనసొప్పలా. ఆ గీత గీసినోడికి చెయ్యి భలే నిదానం. దాని మీద ఊరికే అట్ల రంగేసినా" అన్నాడు.

కంపెనీ వేసిన బంగారు గీతల గురించి ఆయన చెప్పింది అది. బుల్లెట్ ట్యాంకు మీద ఆ గీతలు మిషను వేసేవి కావు. తిరువొత్తియూరులో మనుషులు చేత్తో, కుంచె పట్టుకుని గీసేవాళ్లు. ఈ సంగతి బుల్లెట్ వాడేవాళ్లకు తెలుసు. కానీ ఒక బోర్డు పెయింటరు ఇంకో చేతి పనిని చూసి దాని మీద ఎమరీ పెట్టలేకపోయాడన్నది నాకు కొత్త.

"మరి నీ బొమ్మ తీసేస్తే నీకేం బాధ లేదా మామా?" అని అడిగేశాను.

"నేను రాసిన బోర్డులన్నీ ఎవరిదో పాత బోర్డు గీకి రాసినవే. గీకేటప్పుడు రేకు చెడగొట్టకుండా గీకాల. అంతే పని" అన్నాడు. తర్వాత ట్రేసింగ్ పేపరు తెచ్చుకోమన్నాడు. మిగిలిన రెక్కను దాని మీద ఎత్తుకుని తీసుకెళితే, పెన్సిలుతో రెండో రెక్క, కిరీటం పూర్తి చేసి ఇచ్చాడు. అది మా ఇంట్లో ఉంది.

రుద్దడం, ఆగడం

ఇలాంటి పనికి దిగేవాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను. నేను పెయింటర్ని కాను. ట్యాంకు మీద నేర్చుకున్నదే రాస్తున్నాను.

కంపెనీ రంగు కాల్చిన రంగు. రేకు మీద వేశాక 120 డిగ్రీలు దాటిన వేడిలో పెడతారు, ఆ వేడికి అది లోపల లోపలే అల్లుకుని గట్టిపడుతుంది. బోర్డు పెయింటు గాలికి ఆరినది. ముప్పయ్యేళ్లకు అదీ గట్టిపడుతుంది గానీ కాల్చిన దానంత కాదు. థిన్నర్ తగిలితే ముందు ఉబ్బేది అదే. రెండింటికీ మధ్య ఉన్న ఆ కాస్త తేడా మీదే ఈ పనంతా ఆధారపడి ఉంది. అయితే కింద ఉన్నది కంపెనీ రంగేనని ముందు తేల్చుకోవాలి. మధ్యలో ఎవరైనా డ్యూకో, అంటే షెడ్డుల్లో స్ప్రే చేసే తొందరగా ఆరే రంగు, కొట్టించి ఉంటే థిన్నర్‌కు అది నిమిషంలో కరిగిపోతుంది. సీటు కింద దాగే చోట, తెల్లటి దూదికి థిన్నర్ అద్ది అర నిమిషం పెట్టి చూడాలి. దూది నల్లబడితే ఆగిపోవాల్సిందే. నా దూది తెల్లగానే వచ్చింది.

ఇంకో లెక్క మనసులో ఉంచుకోవాలి. కంపెనీ రంగు ప్రైమరుతో కలిపి సుమారు 100 మైక్రాన్లు ఉంటుంది, అంటే మిల్లీమీటరులో పదో వంతు. మన తలవెంట్రుక మందమే 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే వెంట్రుకన్నర మందం మీద మనం కుస్తీ పడుతున్నాం. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేటప్పుడు బట్టను కరక్కాయ, పాలలో తడిపి ఆరబెడతారు. రంగు నూలులోకి దిగి దానిలో భాగమైపోతుంది. ట్యాంకు మీద రంగు అలా దిగదు, పైన పొరగా కూర్చుంటుంది. అందుకే తీయగలుగుతున్నాం. ఒక్క చెయ్యి ఎక్కువ పడితే కిందిదీ పోయేది అందుకే.

ట్యాంకు బండి నుంచి దించి, పెట్రోలంతా తీసి, మేడ మీద గాలి ఆడే చోట పెట్టుకున్నాను. పెట్రోలు తీసేసినా లోపల ఆవిరి ఉంటుంది కాబట్టి హీట్ గన్ జోలికి పోలేదు, దగ్గర్లో బీడీ కూడా వెలిగించనివ్వలేదు. పావలా బిళ్లంత చోటు చూసుకుని, థిన్నర్ అద్దిన దూది ఇరవై ముప్పై సెకన్లు పెట్టి, తీసి, ఉబ్బిన రంగును సన్నగా చెక్కిన వెదురు పుల్లతో తోసి, వెంటనే సబ్బునీళ్లతో తుడవడం. కాసేపు ఆరనిచ్చి పక్క చోటుకు పోవడం. ఇనుప గరిటె, బ్లేడు వాడలేదు. పాత ఏటీఎం కార్డు అంచు వంపుల దగ్గర బాగా పనికొచ్చింది. గంటకు నా అరచేతిలో సగం చోటు అయ్యేది. బొమ్మంతా పోయాక మిగిలిన మసకకు 2000 నంబరు వాటర్ పేపరు, బోలెడు నీళ్లు, ఆ పైన రబ్బింగ్ కాంపౌండు, చివర మైనం. బ్రేక్ ఆయిల్ పూస్తే రంగు లేస్తుందని ఇద్దరు ముగ్గురు చెప్పారు. లేస్తుంది, నిజమే. ఏది లేవాలో అది మాత్రం చూసుకోదు.

మొదటి రోజే ఒక సంగతి జరిగింది. నామం మధ్యలో ఎర్రటి శ్రీచూర్ణం గీత మీద దూది పెట్టగానే, ఇంకా ఐదు సెకన్లు కాకుండానే, దూదంతా ఎర్రగా అయిపోయింది. మిగతా రంగు ఉబ్బడానికి అర నిమిషం పడుతుంటే ఇది నీళ్లలా కరిగింది. వాసన చూస్తే అర్థమైంది. అది నెయిల్ పాలిష్. డ్యూకో జాతికే చెందిన రంగు అది, అందుకే అంత తొందరగా కరిగింది. అమ్మను అడిగితే నవ్వింది. ఆ ఎర్ర గీతలో రంగు రాలినప్పుడల్లా నాన్న మా చెల్లెలి నెయిల్ పాలిష్ సీసా తీసుకుని, చిన్న కుంచెతో అద్దేవాడట. ఎన్నిసార్లు అద్దాడో, పొరలు పొరలుగా ఉంది.

అప్పుడు నేను వారం రోజులు పని ఆపేశాను. ఫ్యాక్టరీ వాళ్ల చెయ్యి, పెయింటర్ మామ చెయ్యి అని రెండు పొరలే లెక్క పెట్టుకున్నాను. మధ్యలో మా నాన్న చెయ్యి ఉందని అనుకోలేదు. దూదికి అంటిన ఎరుపు చూస్తే ఆయన వేలు పట్టుకుని తుడిచేసినట్టనిపించింది. తమ్ముడు ఫోన్లో "అందుకే మొత్తం కొట్టించెయ్యమన్నా, ఈ బాధలన్నీ ఉండవు" అన్నాడు. కొట్టిస్తే అది నెయిల్ పాలిష్ అని కూడా ఎవరికీ తెలిసేది కాదు కదరా అన్నాను. ఆ మాట అన్నాకే మళ్లీ మేడ ఎక్కగలిగాను.

నామం అంచు దాటి కిందికి వెళ్లేసరికి బంగారు గీత వచ్చింది. మామ చెప్పినట్టే అక్కడ ఎమరీ తగల్లేదు కాబట్టి పై రంగు పట్టు తక్కువ. వెదురు పుల్ల మొన ఆనించగానే ఒక పొలుసు లేచింది. దాని కింద, ఏ మచ్చా లేకుండా, మూడంగుళాల గీత. ఎండలో ఉన్న మిగతా గీత వెలిసి పాత ఇత్తడిలా ఉంది. ఇది కొత్త నగ రంగులో ఉంది. 1997 తర్వాత ఎండే చూడలేదు. దగ్గరగా చూస్తే ట్యాంకు ముందు వంపు దగ్గర ఒకచోట గీత కొంచెం లావైంది. కుంచె మొదలుపెట్టిన చోటుకే తిరిగొచ్చి కలిసిన చోటు అది. గీసినవాడు అక్కడ కుంచె ఎత్తి ఉంటాడు. ముప్పై తొమ్మిదేళ్ల కిందట, నేను ఎప్పుడూ చూడని ఒక మనిషి చెయ్యి పైకి లేచిన క్షణం నా వేలి కింద ఉంది.

ఆ సంతోషంలోనే తప్పు చేశాను. ఇంకా ఉందేమో చూద్దామన్న ఆత్రంలో పక్కన గట్టిగా అంటుకున్న చోట దూదిని నిమిషం దాకా వదిలేశాను. కంపెనీ నలుపు తట్టుకుంది. దాని పైన గీసిన గీత తట్టుకోలేదు. తుడిచేసరికి రెండంగుళాల మేర బంగారం దూదికి వచ్చేసింది. షెడ్డు కుర్రాడు టూల్ బాక్స్ మీద చేసిన పనే రెండంగుళాల కొలతలో నేనూ చేశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

"మొత్తం కొట్టించెయ్యొచ్చుగా"

మా తమ్ముడి వాదనలో నిజం లేకపోలేదు, దాన్ని దాటవేయడం నాకిష్టం లేదు. తుప్పు మొదలైతే రంగును కాపాడుకుంటూ కూర్చోవడం బండిని చంపుకోవడమే. ట్యాంకు అడుగు అతుకు దగ్గర బొమ్మ కింద బుడగలు కనిపించాయి. అక్కడ నేనూ రేకు దాకా వెళ్లాను. రూపాయి బిళ్లంత చోట తుప్పు గీకి, ప్రైమర్ పెట్టి, నలుపు అద్దాను. రేపు ఆ తుప్పు ట్యాంకంతా పాకితే రంగంతా తీయించి వేయిస్తాను, అప్పుడు ఏడవను. రోజూ బైరాగిపట్టెడ నుంచి ఆఫీసుకు బండి మీద పోయే మనిషికి, నాలుగు నెలలు మేడ మీద కూర్చోవడం కుదరదు కూడా. షెడ్డులో ఇస్తాడు, రెండు రోజుల్లో తెచ్చుకుంటాడు. ఆయన్ని తప్పు పట్టను.

నేను తప్పు పట్టేది అడక్కుండా చేసేదాన్ని. మన దగ్గర పాతదాన్ని బాగు చెయ్యమంటే కొత్తది చేసి ఇవ్వడం మర్యాద అయిపోయింది. ఎక్కువ పని చేసిచ్చామనే అనుకుంటారు. ఎంతవరకు తీయాలి, ఎక్కడ ఆగాలి అని అడిగేవాళ్లు లేరు. మన ఊరివాళ్లకు ఆనందనిలయం అనంత స్వర్ణమయం సంగతి గుర్తుండే ఉంటుంది. 2008లో మొదలుపెట్టారు, శ్రీవారి ఆలయ గోడలకు బంగారు తాపడం. భక్తితోనే అనుకున్నారు, భక్తులు బంగారం ఇచ్చారు. కానీ ఆ గోడల నిండా శాసనాలున్నాయి, తాపడం వేస్తే అవి కనిపించవు, దెబ్బతింటాయి అని కొందరు కోర్టుకు వెళ్లారు. 2010లో హైకోర్టు ఆపేసింది. అప్పుడు నాకు పాతికేళ్లు, బంగారం వేస్తామంటే వద్దంటారేమిటని అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. రాయి మీద చెక్కిన నాలుగు అక్షరాల కోసం ఇంత గొడవా అనుకున్నాను. ట్యాంకు మీద మూడంగుళాల గీత బయటపడ్డ రోజు ఆ కోర్టుకు వెళ్లినవాళ్లు గుర్తొచ్చారు. గుడికీ బండికీ పోలిక లేదు. పైన వేసేది ఎంత విలువైనదైనా, కింద ఏముందో చూడకుండా వెయ్యకూడదన్న మాట రెండుచోట్లా ఒకటే.

ఇక పాత రంగు ఉంటే బండికి ధర ఎక్కువ వస్తుందని చెప్పేవాళ్లున్నారు. వస్తుందేమో. నేను అమ్మడం లేదు కాబట్టి ఆ లెక్క నాకు అక్కర్లేదు.

పని అయ్యాక పెయింటర్ మామను ఆటోలో ఇంటికి తీసుకొచ్చాను. కుర్చీ బండి పక్కనే వేయించుకుని కూర్చున్నాడు. ముందు గీత మీద గోరు ఆనించి చూశాడు. తర్వాత పోయిన రెండంగుళాల దగ్గర వేలు ఆపాడు. "కుంచె తీసుకురా, కలిపేస్తా" అన్నాడు. చెయ్యి వణుకుతోంది, అది ఆయనకూ తెలుసు. కలపొద్దు మామా, అది నేను చేసిన తప్పు, అట్లే ఉండనీ అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సరే, నల్లదనం బాగా నిలబెట్టినావు" అని కాఫీ అడిగాడు.

కుడి పక్క సాయంత్రం వెలుగు ఏటవాలుగా పడినప్పుడు గరుత్మంతుడు ఇంకా కనిపిస్తాడు. రంగు లేదు, అంచు మాత్రమే. చుట్టూ ఉన్న నలుపు ఎండకు వెలిసింది, బొమ్మ కిందున్నది వెలవలేదు. గోడ మీద నుంచి పటం తీస్తే మిగిలే చోటులా ఉంటుంది. దగ్గరికి వెళితే ఆ చోటంతా సన్నటి గీతలు, అన్నీ పైనుంచి కిందికి, కుడికి వాలి ఉంటాయి. మామ ఆనాడు ఎమరీతో రుద్దిన ఒక చెయ్యి. కాంపౌండుతో ఇంకా గట్టిగా రుద్దితే అవీ పోతాయి. రుద్దలేదు.

ఎడమ పక్క నామం కూడా అలాగే నీడలా మిగిలింది. శుక్రవారం బండి తుడిచాక అమ్మ సరిగ్గా ఆ మధ్య గీత ఉన్నచోటే కుంకుమ బొట్టు పెడుతుంది. మైనం మీద పెడుతుంది కాబట్టి రంగుకేమీ కాదు. శనివారం తడిగుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది.